ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత గెంతుడు టెస్ట్ పాసయిన, అయినా మోకాలు మీద నమ్మకం లేదు. ఏం చెయ్యాలె?

కూత_నల్గొండ
అందరికి నమస్తే. నేను కబడ్డీ రైడర్‌ను. 23 ఏళ్లు, 68 కిలోలు. బోనస్ గీత దాటి వెనక్కి మర్రేటప్పుడు ఎడమ మోకాలు తిరిగింది. ఎవ్వరు పట్టలే, ముట్టలే. టప్పుమని సౌండ్ వచ్చింది, సాయంత్రానికి వాచింది. ఎమ్మారైల ఏసీఎల్ (మోకాలు లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగ తెగిందని వచ్చింది. తొడ వెనక నుంచి స్నాయువు తీసి, తెగినదాని జాగల గ్రాఫ్ట్ (అతుకు) వేసిన్రు. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తుంది.

మొన్న చెకప్‌ల ఒంటికాలి మీద గెంతమని టేపుతోని కొలిచిన్రు. మంచి కాలుతోని పోలిస్తే 96 శాతం వచ్చింది. "ఇగ ఆడొచ్చు" అన్నరు. కని కోర్టుల దిగి ఎడమ కాలు మీద బ్రేకేసి మర్రుడంటే లోపల జంకుతుంది. నొప్పి లేదు, వాపు లేదు. సంక్రాంతికి టోర్నమెంట్ ఉంది. ఇది ఉత్త భయమా, లేకపోతే మోకాలే ఇంక తయారు కాలేదా? బయోమెకానిక్స్ ల్యాబ్ టెస్టులని వీడియోలల్ల చూపెడుతున్నరు, అవి మనకు అవసరమా?

కార్నర్_డిఫెండర్
తొమ్మిది నెలలు నిండకుండా మ్యాట్ ఎక్కకు తమ్మీ. మా టీమ్‌ల ఒకడు ఆరో నెలల ఎక్కిండు, మళ్ల అదే కాలు. ఇప్పుడు స్కోర్ రాస్తుండు.

ఫిజియో_స్వప్న
తమ్ముడూ, ఉత్త భయమేనని తేల్చేయకు. టేపు చెప్పేది నువ్వెంత దూరం దూకావన్నదే. ఆ దూరం తుంటి సంపాదించిందా, చీలమండ సంపాదించిందా, మోకాలు సంపాదించిందా అన్నది టేపుకు తెలియదు.

ఖతార్‌లో ఆస్పెటార్ అని క్రీడా వైద్యశాల ఉంది. అక్కడి పరిశోధకులు ఒంటికాలి గెంతును కెమెరాలు, ఫోర్స్ ప్లేట్లు (పాదం తొక్కే బలాన్ని కొలిచే పలకలు) పెట్టి విడగొట్టి చూశారు. ముందుకు గెంతేటప్పుడు నేలను తన్నే పనిలో మోకాలి వాటా 12 శాతం చిల్లర. మిగతాదంతా తుంటి, చీలమండ పంచుకుంటాయి. అదే నిలువుగా పైకి ఎగిరితే మోకాలి వాటా దాదాపు మూడో వంతు. తర్వాత ఏసీఎల్ ఆపరేషన్ అయి, ఆటకు వెళ్లొచ్చని అనుమతి వచ్చిన మగ క్రీడాకారులను పరీక్షించారు. గెంతిన దూరంలో రెండు కాళ్లకు 97 శాతం పోలిక, అంటే నీలాగే. కానీ తన్నేటప్పుడు మోకాలు చేసిన పనిలో పోలిక 69 శాతమే.

పల్లకి మోసేవాళ్లలో ఒకడు భుజం దించేసినా పల్లకి ముందుకే పోతుంది కదా, అలాగన్నమాట. బ్రేకేసి తిరిగేటప్పుడు మాత్రం ఆ బరువు తప్పించుకోవడం మోకాలికి కుదరదు. నీ జంకు అక్కడ పుడుతుండొచ్చు.

కార్నర్ గారు చెప్పిన తొమ్మిది నెలలకు ఆధారం ఉంది. అమెరికాలోని డెలావేర్, నార్వేలోని ఓస్లో పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఆటకు తిరిగి వెళ్లడాన్ని తొమ్మిది నెలల దాకా వాయిదా వేస్తూ పోతే, ఒక్కో నెలకు మళ్లీ గాయపడే రేటు 51 శాతం తగ్గిందని అందులో తేలింది. కండర బలం, గెంతు పరీక్షలన్నీ పాసై వెళ్లినవాళ్లలో 5.6 శాతం మందికి మళ్లీ గాయమైంది. పాసవకుండానే వెళ్లినవాళ్లలో 38.2 శాతం మందికి.

మెకానికల్_సుబ్బు
ఒక డౌటండీ. మా బావమరిదికి కూడా ఇదే ఆపరేషన్. తొడ వెనక స్నాయువు నాలుగు పోగులు చేసిన హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ 4000 న్యూటన్ల (లాగే బలానికి కొలత) దాకా తట్టుకుంటుందనీ, కుర్రవాళ్ల అసలు ఏసీఎల్ 2160 న్యూటన్లకే తెగుతుందనీ ఎక్కడో చదివాను. వేసినరోజే రెట్టింపు బలం ఉన్న తాడుకి తొమ్మిది నెలల విశ్రాంతి ఎందుకు?

ఆర్థో_పీజీ
సుబ్బు గారూ, అంకెలు సరైనవే. అయితే 4000 అన్నది ల్యాబ్ టేబుల్ మీద ఆ పోగులను మాత్రమే లాగి చూసిన లెక్క. ఆపరేషన్ రోజున గ్రాఫ్ట్‌ను ఎముకలో తొలిచిన సొరంగంలో పట్టి ఉంచేది స్క్రూనో, బటనో. మొదటి వారాల్లో జారేది ఆ పట్టే. ఆ తర్వాత కథ మారుతుంది. తెచ్చిపెట్టిన స్నాయువుకు రక్త సరఫరా ఉండదు, లోపలి కణాలు చనిపోతాయి, కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొల్లాజెన్ మళ్లీ అల్లుకుంటుంది. ఈ మధ్యకాలంలో గ్రాఫ్ట్ వేసినరోజు కన్నా బలహీనంగా ఉంటుంది. పేషెంట్‌కి మాత్రం అప్పటికి నొప్పి పోయి హుషారుగా ఉంటుంది. మాకు తలనొప్పి అక్కడే. అల్లిక పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఇక స్వప్న గారు చెప్పిన 5.6 శాతం గురించి. ఆ గుంపులో పరీక్షలన్నీ పాసై వెళ్లినవాళ్లు 18 మంది, వాళ్లలో ఒక్కరికి గాయమైంది. దిశ సరైనదే, నేనూ అదే చెబుతాను. కానీ అంత చిన్న గుంపు మీద దశాంశ స్థానం దాకా నమ్మకం పెట్టుకోకండి.

ఫిజియో_స్వప్న
ఒప్పుకుంటాను డాక్టర్ గారూ. అందుకే పాసైనవాళ్లకు కూడా నేను "ఇక భయం లేదు" అనను. పాతికేళ్ల లోపువాళ్లు ఆటకు తిరిగి వెళ్తే, ఏదో ఒక మోకాలిలో ఏసీఎల్ మళ్లీ తెగేది దాదాపు 23 శాతం మందికని 2016లో వచ్చిన పెద్ద సమీక్ష చెప్పింది. అది రెండో కాలు కూడా కావచ్చు, చాలామంది ఇది మరిచిపోతారు.

ఫోర్స్‌ప్లేట్_ఎన్నారై
నేను అమెరికాలో ఒక గెయిట్ ల్యాబ్‌లో (నడక, కదలికలు కొలిచే చోటు) పనిచేస్తాను, మాది తెనాలి. ల్యాబ్ టెస్ట్ అంటే ఏమిటో కాస్త చెబుతాను, వీడియోల్లో హంగామా ఎక్కువ ఉంటుంది.

ఒంటి మీద మెరిసే చిన్న గోళీలు అంటిస్తాం. చుట్టూ కెమెరాలు వాటి కదలికను పట్టుకుంటాయి. నేలలో ఫోర్స్ ప్లేట్ ఉంటుంది, పాదం నేలను ఎంత బలంతో, ఏ దిశలో తొక్కిందో సెకనుకు వెయ్యిసార్లో అంతకన్నా ఎక్కువో రాసుకుంటుంది. ఈ రెండూ కలిపి చీలమండ నుంచి పైకి లెక్క కట్టుకుంటూ పోతే మోకాలి దగ్గర ఎంత టార్క్, అంటే తిప్పే బలం, వచ్చిందో తెలుస్తుంది. మోకాలు ఎంత వంగిందో మంచి ఫిజియో కంటితో చెప్పగలరు. వంగినప్పుడు తొడ ముందు కండరం నిజంగా పని చేసిందా, లేక నడుము ముందుకు వాల్చి బరువును తుంటి మీదకు నెట్టేశాడా అన్నది కంటికి సరిగా దొరకదు. ల్యాబ్ తెచ్చే లాభం ఇదే.

గాయం వేగం కూడా తెలుసుకోవాలి. నార్వే పరిశోధకులు మ్యాచ్ వీడియోల్లో దొరికిన పది ఏసీఎల్ గాయాలను ఫ్రేము ఫ్రేముగా కంప్యూటర్ అస్థిపంజరంతో సరిపోల్చి చూశారు. పాదం నేలను తాకిన 40 మిల్లీసెకన్ల లోపే మోకాలు లోపలికి వంగి, మెలిపడి, తెగినట్టు తేలింది. అంత తక్కువ వ్యవధిలో "అయ్యో, మోకాలు పక్కకు పోతోంది" అని మెదడు సర్దుకోలేదు. పాదం దిగకముందే కండరాలు బిగిసి సిద్ధంగా ఉండాలి. ఆ అలవాటు సాధనతోనే వస్తుంది.

కూత_నల్గొండ
అన్నా, గదే నాకు అయింది. పడ్డంక గని సమజ్ కాలే.
ఈ ల్యాబులు మనకాడ ఉన్నయా? పైసలు ఎంతయితయి?

ఫోర్స్‌ప్లేట్_ఎన్నారై
పెద్ద ఊళ్లలో కొన్ని ఆసుపత్రుల్లో, ఐఐటీల్లాంటి చోట్ల ఉంటాయి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఓపెన్‌క్యాప్ అని ఒకటి చేశారు, రెండు ఐఫోన్లో ఐప్యాడ్లో స్టాండ్ల మీద పెట్టి తీస్తే గోళీలు లేకుండానే కీళ్ల కోణాలు, టార్కులు అంచనా వేస్తుంది. పరిశోధకులకు ఉచితం. ల్యాబంత కచ్చితం కాదు గానీ పనికొస్తుంది.

ఆర్థో_పీజీ
నేను కొంచెం చల్లనీళ్లు చల్లాలి. 2005లో అమెరికాలో 205 మంది అమ్మాయిలను గట్టు మీద నుంచి దూకించి కొలిచారు. దిగేటప్పుడు మోకాలి మీద లోపలికి విరిచే టార్క్ ఎక్కువ ఉన్నవాళ్లకే తర్వాత ఏసీఎల్ తెగిందని తేలి పెద్ద సంచలనమైంది. కానీ ఆ 205 మందిలో గాయపడ్డవాళ్లు తొమ్మిది మంది. తర్వాత నార్వేలో 700కు పైగా మేటి హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ క్రీడాకారిణులను అదే దూకి దిగే పరీక్ష చేసి ఏళ్ల తరబడి గమనించారు. గాయపడబోయేవాళ్లను విడిగా గుర్తించడానికి ఆ పరీక్ష పనికిరాలేదు. కాబట్టి వేలు పోసి ల్యాబ్ రిపోర్టు తెచ్చుకుని "నాకిక తెగదు" అనుకోవద్దు, "తెగుతుంది" అని ఏడవనూ వద్దు.

ఫోర్స్‌ప్లేట్_ఎన్నారై
డాక్టర్ గారూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో జోస్యం చెప్పడం వేరు, ఒకసారి తెగినవాడికి ఇంకా ఏం లోటు మిగిలిందో చూడటం వేరు. నార్వే ఫలితం మొదటిదానికి సంబంధించింది. ఈ తమ్ముడు అడుగుతున్నది రెండోది. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

ఆర్థో_పీజీ
అది నిజమే. నా అభ్యంతరం ల్యాబ్ మీద కాదు, దాన్ని జాతకంలా అమ్మేవాళ్ల మీద. లోటు చూడ్డానికైతే ముందు తొడ ముందు కండరం బలం కొలవండి. సగం కథ అక్కడే బయటపడుతుంది. చాలామందికి అది కూడా కొలవకుండా పంపేస్తున్నారు.

ఫిజియో_స్వప్న
కండర బలం కొలిచే ఐసోకైనెటిక్ మెషీన్ మా ఊళ్లో లేదు. నేను వాడేది పత్తి బస్తాలు తూచే కాటా. నవ్వకండి. వేలాడదీసే డిజిటల్ కాటా, 200 కిలోల దాకా చూపిస్తుంది, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకెను ఆపి చూపే పీక్ హోల్డ్ బటన్ ఉన్నది చూసి కొన్నాను. బరువైన బల్ల మీద కూర్చోబెట్టి, మోకాలు 90 డిగ్రీలు వంచి, చీలమండకు కాస్త పైన వెడల్పు పట్టీ వేస్తాను. పట్టీకి కాటా, కాటాకు గొలుసు, గొలుసును వెనక బల్ల కాలికి కడతాను. "తన్ను, తన్ను, ఆపకు" అని ఐదు సెకన్లు అరుస్తాను. ముందు మంచి కాలు, తర్వాత ఆపరేషన్ కాలు. మూడుసార్లలో ఎక్కువ వచ్చింది రాసుకుంటాను.

కూత_నల్గొండ
అక్కా, కాలు ముందుకు తన్నుడు ఏసీఎల్‌కు డేంజర్ అని మా జిమ్ కోచ్ అంటడు. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ కాడికి కూడ పోనియ్యడు. స్క్వాట్ ఒక్కటే జెయ్యమంటడు.

ఫోర్స్‌ప్లేట్_ఎన్నారై
ఈ భయానికి జవాబు వెర్మాంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల్లోనే ఇచ్చారు. మనుషుల మోకాళ్లలో, ఏసీఎల్ మీదే, చిన్న సెన్సర్ తగిలించి, వాళ్లు స్పృహలో ఉండగా వ్యాయామం చేయించి లిగమెంట్ ఎంత సాగుతుందో కొలిచారు. మోకాలు 15 డిగ్రీల దగ్గర, అంటే దాదాపు చాచి, తొడ బిగిస్తే 4.4 శాతం సాగింది. 60, 90 డిగ్రీల దగ్గర బిగిస్తే సాగుడు సున్నా. ఇంకో సంగతి, స్క్వాట్‌లో 3.6 శాతం, కాలికి చిన్న బరువు కట్టి వంచి చాచితే 3.8 శాతం. పెద్ద తేడా లేదు. స్థిరంగా ఉన్న సైకిల్ తొక్కితే 1.7.

అంటే స్వప్న గారి 90 డిగ్రీల పరీక్షలో ఏసీఎల్ మీద లాగుడు లేనట్టే. మెషీన్‌ను కూడా మొదట్లో 90 నుంచి 45 దాకా పరిమితం చేసి వాడొచ్చు. ఎనిమిదో నెలలో, మీ సర్జన్ వేరే కారణంతో వద్దంటే తప్ప, మొత్తం కోణంలో వాడటానికి అడ్డేముంది? తొడ ముందు కండరాన్ని విడిగా కష్టపెట్టకపోతే స్క్వాట్‌లో తుంటి దాన్ని కాపాడేస్తుంది. గెంతుడు కథే మళ్లీ.

వసుంధర_ఏలూరు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. అమ్మకి 61, మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టంగా ఉందంటుంది. ఇది మామూలేనా?

ఫోర్స్‌ప్లేట్_ఎన్నారై
మామూలేనండి. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి వాళ్లు కృత్రిమ మోకాళ్ల లోపలే సెన్సర్లు పెట్టి కొలిచారు. నడకలో శరీర బరువుకు సుమారు 2.6 రెట్లు, మెట్లెక్కేటప్పుడు 3.2, దిగేటప్పుడు 3.5 రెట్లు భారం పడుతుంది. దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోమనండి, నొప్పి కాలు ముందు దించమనండి. బరువు ఎక్కువుంటే ఒక కిలో తగ్గితే అడుగుకు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మిగతాది వేరే చర్చగా పెట్టండి, ఇక్కడ కలిస్తే తమ్ముడి ప్రశ్న పక్కకు పోతుంది.

వసుంధర_ఏలూరు
థాంక్సండి. పెడతాను.

కూత_నల్గొండ
అక్కా, మా ఊళ్లె పత్తి మిల్లు కాటా అడుక్కొచ్చి, మా బావ గొలుసు పట్టంగ కొలిచిన. మంచి కాలు 58 కిలోలు, ఆపరేషన్ కాలు 40. మోకాలు కీలు నుంచి పట్టీ మధ్య దాక 34 సెంటీమీటర్లు.

మెకానికల్_సుబ్బు
ఇది నా పని. 40 ఇంటూ 9.8 ఇంటూ 0.34, అంటే 133 న్యూటన్ మీటర్ల టార్క్. నీ బరువు 68తో భాగిస్తే కిలోకు 1.96. మంచి కాలు 193, కిలోకు 2.84. రెండు కాళ్ల పోలిక 69 శాతం. గెంతులో 96, బలంలో 69! ఆస్పెటార్ వాళ్ల అంకె మన పత్తి కాటా మీదే దిగింది. కాకతాళీయమే అనుకోండి, అయినా ఒళ్లు జలదరించింది.

ఫిజియో_స్వప్న
తమ్ముడూ, ఇప్పుడు నీ జంకుకు లెక్క దొరికింది. 90 శాతం పోలిక కనీసం కావాలంటారు. కానీ ఆ శాతం ఒక్కటే చూడకు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి పరుగు లేక మంచి కాలు కూడా తగ్గుతుంది. తగ్గినదానితో పోల్చుకుంటే మార్కులు ఊరికే పెరుగుతాయి. డెలావేర్ వాళ్లు దీన్నే పట్టుకున్నారు. గాయమైన కొత్తలో, ఆపరేషన్‌కు ముందు, మంచి కాలు ఎంత ఉందో దానితో పోలిస్తే, మామూలు లెక్కలో పాసైనవాళ్లలో చాలామంది ఫెయిలయ్యారు. అందుకని బరువు ప్రకారం కిలోకు 3 న్యూటన్ మీటర్లు అన్న గురి పెట్టుకో. నీ మంచి కాలే ఇంకా అక్కడికి రాలేదు.

వారానికి మూడు రోజులు బరువులు, ఒక్కో కాలు విడివిడిగా. లెగ్ ఎక్స్‌టెన్షన్, ఒంటికాలి లెగ్ ప్రెస్, మెట్టు మీద నుంచి నిదానంగా దిగడం. చివరి రెండు మూడు రెప్స్‌కి ముఖం మాడిపోవాలి, లేకపోతే బరువు చాలనట్టు. మర్నాడు పొద్దున మోకాలి చిప్ప పక్కన వేలితో నొక్కి చూడు, నీరు చేరితే ఒక మెట్టు తగ్గించు. మోకాలిలో కొద్దిగా నీరు చేరినా తొడ ముందు కండరానికి నరాల నుంచి వచ్చే ఆదేశం తగ్గిపోతుంది. వాపు మీద బలం కట్టలేం.

నీది హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ కాబట్టి ఇంకొకటి. బోర్లా పడుకుని మోకాలు బాగా మడిచి, మడమను పిర్ర వైపు లాగేటప్పుడు ఆ కాలు బలహీనంగా ఉంటుంది. డిఫెండర్ చీలమండ పట్టుకున్నప్పుడు నువ్వు లాక్కోవాల్సింది ఆ కండరంతోనే. దాన్నీ అదే కాటాతో కొలువు.

కార్నర్_డిఫెండర్
ఈ సంగతి రైడర్లకు చెప్పకు అక్కా, మా పొట్ట కొడతవ్.

స్మాషర్_కాకినాడ
నేను వాలీబాల్ ఆడతాను, ఆపరేషన్ కాలేదు. బ్లాక్ చేసి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడుతున్నాయని మా పీఈటీ మేడమ్ ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూపించారు. పైన డాక్టర్ గారు అది జోస్యానికి పనికిరాదన్నారు కదా, మరి వదిలేయొచ్చా?

ఆర్థో_పీజీ
వదిలేయకమ్మా. ఎవరికి తెగుతుందో ముందే చెప్పలేమన్నాను, సాధనతో తగ్గదని అనలేదు. గెంతి దిగడం, దిశ మార్చడం, బ్యాలెన్స్, తొడ వెనక బలం కలిపిన వార్మప్‌లు ఏసీఎల్ గాయాలను తగ్గిస్తాయని, ముఖ్యంగా అమ్మాయిల్లో, బాగా రుజువైంది. ఫుట్‌బాల్ వాళ్ల ఫిఫా 11 ప్లస్ అలాంటిదే, ఇరవై నిమిషాల పని. టీమంతా చేయండి, పరీక్షలో ఎవరు ఫెయిలయ్యారని ఏరుకోకుండా.

కూత_నల్గొండ
అక్కా, సంక్రాంతి టోర్నమెంట్‌కు పేరు వాపస్ తీసుకున్న. కోచ్ సారు గుర్రుమన్నడు. కని ఒక ముచ్చట, మోకాలు మీద భారం పడకుండ కాపాడుకుంటె గుజ్జు ఎక్కువ దినాలు ఉంటదని మా ఇంట్ల అంటున్నరు. కుంటుకుంట నడిచినా పర్వలేదంటరు.

ఫోర్స్‌ప్లేట్_ఎన్నారై
ఇంట్లోవాళ్లది ప్రేమ, కానీ అది ఉల్టా. డెలావేర్‌లోనే ఏసీఎల్ తెగినవాళ్ల నడకను కొలిచి, ఐదేళ్ల తర్వాత ఎక్స్‌రే తీశారు. ఆపరేషన్ తర్వాత ఆరో నెలలో గాయపడ్డ మోకాలి లోపలి వైపు తక్కువ భారం వేసి నడిచినవాళ్లకే అరుగుదల కనిపించింది. చిన్న గుంపే, 22 మంది, డాక్టర్ గారు అనకముందే నేనే చెబుతున్నా. గుజ్జుకు భారం కావాలి. అద్దం ముందో, ఎవరిచేతనైనా వీడియో తీయించుకునో నడువు. మడమ తాకాక ఎడమ మోకాలు కుడిదంత వంగుతోందా, బిగుసుకుని కర్రలా ఉందా చూడు. బిగుసుకుంటుంటే తొడ కండరం భారం తీసుకోవడం లేదన్నమాట.

కూత_నల్గొండ
చూసిన అన్నా. ఎడమది తక్కువనే వంగుతుంది. నాకే ఎర్క లేదు ఇన్ని దినాలు.

ఫిజియో_స్వప్న
వారానికోసారి ఆ వీడియో తీసి పెట్టుకో. కాటా మాత్రం నెలకోసారి చాలు, రోజూ కొలిస్తే అంకెలు అటూ ఇటూ ఊగి బుర్ర తినేస్తాయి. వచ్చేసారి మీ బావను గొలుసు పట్టుకోమనకు, బల్ల కాలికే కట్టు. మనిషి పట్టుకుంటే పట్టు సడలి అంకె తక్కువ చూపిస్తుంది. గొలుసు నేలకు సమాంతరంగా, పిక్కకు లంబకోణంలో ఉండాలి. పట్టీని ప్రతిసారీ అదే 34 సెంటీమీటర్ల దగ్గర వెయ్యి, పెన్నుతో గుర్తు పెట్టుకో. రెండు కాళ్ల బలం పోలిక 80 శాతం దాటితే రెండు కాళ్ల మీద గెంతి దిగడం మొదలుపెడదాం. 90 దాటి, మంచి కాలు కూడా 3 దగ్గరికి వచ్చాకే పక్కకు బ్రేకేసి తిరిగే డ్రిల్స్, అవీ ముందు ఒంటరిగా, తర్వాత డిఫెండర్ ఎదురుగా.

కార్నర్_డిఫెండర్
డిఫెండర్ కావాల్నంటే నేను సూర్యాపేటలనే ఉంట. ముందుగాల పట్టను, ఎదురుంగ నిలవడత అంతే.